కాలువల నడుమ కూరతోటలు – చూచేవారి రుణం

ఒక పురాతన స్థలాన్ని చూడడానికి వెళ్ళినప్పుడు ఆ స్థలానికి మనం ఏమైనా బాకీ పడతామా? ప్రవేశ రుసుము చెల్లించాం. చెప్పిన దారిలోనే నడిచాం. దేనినీ తాకలేదు. ఫొటోలు తీసుకుని తిరిగి వచ్చాం. అంతటితో లెక్క సరిపోయినట్టేనా? కోట, శాసనం, శిథిలాలయం వంటి వాటి విషయంలో ఈ ప్రశ్న మనల్ని అంతగా బాధించదు. వాటిని నిర్మించినవారు గతించి శతాబ్దాలైంది. రాయి తన మానాన తాను నిలిచి ఉంది. కాని కొన్ని స్థలాలు ఏటేటా ఎవరో ఒకరు ఒళ్ళు వంచి పనిచేస్తేనే నిలుస్తాయి. పని ఆగితే కొద్ది ఏళ్ళలోనే రూపు చెడిపోతాయి. అటువంటి చోట చూచేవాడికీ చేసేవాడికీ ఉన్న సంబంధం ఎటువంటిది? ఫ్రాన్సు దేశంలోని అమియెన్స్ నగరంలో, కాలువల నడుమ ఉన్న కూరతోటలను చూచి వచ్చినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు.

పారిస్ నుంచి ఉత్తరంగా రైలులో గంటకు కొంచెం పైగా ప్రయాణిస్తే అమియెన్స్ వస్తుంది. 1220లో నిర్మాణం ప్రారంభమైన మహా దేవాలయం ఆ నగరానికి తలమానికం. 1981లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మన బాలబాలికలకు కూడా సుపరిచితుడైన రచయిత జూల్స్ వెర్న్ 1871 నుంచి 1905లో మరణించేవరకు ఇక్కడే నివసించాడు; 1888 నుంచి నగరపాలక సభ్యుడుగా కూడా పనిచేశాడు. ఊరి మధ్యగా పారే నది పేరు సోమ్. మొదటి ప్రపంచ యుద్ధ చరిత్ర చదివినవారికి ఆ పేరు వినగానే 1916 నాటి మారణహోమం గుర్తుకు వస్తుంది. ఆ ఏడు జూలై 14న, ఈ నగరానికి ఈశాన్యంగా ఉన్న హై వుడ్ అనే అడవి అంచున, సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడ్‌కు చెందిన దక్కన్ హార్స్ రౌతులు ఈటెలు పట్టి దాడి చేశారు. ఆ విధంగా మన దక్కను నేలకు, ఆ నదీతీరానికి ఒక పాత బంధం ఉంది.

నేను అక్కడికి వెళ్ళింది ఒక శనివారం. ఉదయం నది ఒడ్డున కూరగాయల సంత జరుగుతున్నది. పూర్వం తోటల నుంచి పడవల మీద కూరలు తెచ్చి నీటిపైనే అమ్మేవారట. అందుకే దానిని నేటికీ ‘నీటి మీది సంత’ అనే అంటారు. ఇప్పుడు సరుకు రోడ్డు మీదుగానే వస్తుంది. ఏడాదికి ఒకసారి, జూన్ మాసంలో, పాత వేషాలు ధరించి పడవల మీద వచ్చే ఉత్సవం మాత్రం ఉన్నది. నేను వెళ్ళిన రోజున వేషాలు లేవు. బల్లల మీద ఎర్ర ముల్లంగి కట్టలు, ఉల్లికాడలను పోలిన లావుపాటి లీక్ కాడలు, క్యాబేజీలు, లేత ఆకుకూరలు ఉన్నాయి. ముల్లంగి మీద తడి మన్ను ఇంకా ఆరలేదు. దగ్గరగా వంగి ఫొటో తీశాను. అమ్ముతున్న ఆమె, ఏం కావాలని అడిగింది. నాతో వచ్చిన మిత్రుడు నా తరపున జవాబు చెప్పాడు: “ఏమీ వద్దు, ఊరికే చూస్తున్నాం.” ఆమె తల ఊపి పక్కవాళ్ళ వైపు తిరిగింది. అప్పుడు నాకేమీ అనిపించలేదు.

మధ్యాహ్నం తోటలకు వెళ్ళాం. మహా దేవాలయం నుంచి కాలినడకన పావుగంట దూరంలోనే పడవల రేవు ఉంది. ఈ తోటలను ఫ్రెంచివారు ‘ఓర్తియోనాజ్’ అంటారు; తోట అనే అర్థం గల లాటిన్ పదం నుంచి పుట్టిన పేరు అది. తోటమాలిని ‘ఓర్తియోఁ’ అంటారు. నగరాన్ని ఆనుకుని సుమారు 300 హెక్టార్ల విస్తీర్ణంలో, 65 కిలోమీటర్ల పొడవున అల్లుకుపోయిన చిన్న చిన్న కాలువల మధ్య, ద్వీపాల వంటి మడులుగా ఈ తోటలు ఉన్నాయి. పన్నెండు మంది పట్టే పడవలో ముప్పావు గంట తిప్పారు. అలల తాకిడికి గట్లు కరిగిపోతాయి కనుక, పడవకు చప్పుడు చేయని విద్యుత్ మోటారు అమర్చి అతి నెమ్మదిగా నడుపుతారు. ఇరువైపులా విల్లో చెట్లు, పూలమొక్కలు, చిన్న చెక్క వంతెనలు, అక్కడక్కడ నీటికోళ్ళు. ఒక మలుపులో చెట్ల సందున మహా దేవాలయ శిఖరం కనిపించింది. నగరం నడిబొడ్డుకు ఇంత దగ్గరగా ఇంత నిశ్శబ్దం సాధ్యమేనా అని ఆశ్చర్యపోయాను.

ఆ నిశ్శబ్దం ప్రకృతి సిద్ధమైనది కాదు. ఈ ప్రదేశం ఒకప్పుడు నదీతీరపు ఊబినేల. మధ్యయుగాల నుంచి మనుషులు ఆ ఊబిలో కాలువలు తవ్వి, తవ్విన మన్నును పక్కన పోసి, మడులను నీటి మట్టానికి పైకి లేపారు. తవ్విన కాలువ తవ్వినట్టే ఉండదు. ఆకులు రాలి, గట్లు జారి, ఏటేటా అడుగున బురద చేరుతుంది. ఆ బురదను తోటమాలి పొడుగు కర్రల పనిముట్లతో ఎత్తి తన మడిలో వేసేవాడు. దానివల్ల రెండు పనులు ఒకేసారి జరిగేవి. కాలువ లోతు నిలిచేది. మడికి బలమైన ఎరువు దొరికేది. ఆ నల్లని నేలలో ఏడాదికి రెండు మూడు పంటలు తీసేవారు. వారి పడవ ముక్కు పొడుగ్గా పైకి లేచి ఉంటుంది. మెత్తని గట్టును చెడగొట్టకుండా ఒడ్డుకు చేర్చడానికి చేసుకున్న ఏర్పాటు అది.

ఇందులో నేను గమనించిన నీతి ఒకటుంది. తన మడి ముందరి కాలువను శుభ్రం చేయడం తోటమాలికి కట్టుబాటు. అతడు మానితే ఎగువన, దిగువన ఉన్నవారి నీరు కూడా ఆగిపోతుంది. అదే పని అతడికి లాభం కూడా. ఎత్తిన బురద అతడి పంటకే పోతుంది. పరుల మేలు, తన మేలు అనే రెండింటినీ ఒకే తట్టలో ఎత్తిపోసే పని అది. ఇటువంటి చోట ధర్మబోధ అవసరం అంతగా ఉండదు. మనం చూచి ముచ్చటపడే అందం ఆ పనికి ఉపఫలం. అందం కోసం ఆ కాలువలను ఎవరూ తవ్వలేదు.

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఇక్కడ వేయికి దగ్గరగా తోటమాలులు ఉండేవారు. ఇప్పుడు అదే వృత్తిగా జీవిస్తున్నవారు పట్టుమని పదిమంది. రైళ్ళు, లారీలు దూరదేశాల కూరలను చౌకగా తెచ్చాయి. పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలలో చేరారు. మడులలో అధిక భాగం సెలవుదినాలు గడిపే విహారవనాలుగా మారాయి. కొన్ని పొదలు పెరిగి పాడుపడ్డాయి. 1970లలో ఈ ప్రదేశం మీదుగా పెద్ద రహదారి వేయాలన్న ప్రతిపాదన వచ్చింది. దానిని ఎదిరించి తోటలను కాపాడడానికి 1975లో ఒక సంఘం ఏర్పడింది. దానికి నాయకత్వం వహించిన నిసో పెలోసోఫ్ తోటమాలి కాడు. వృత్తిరీత్యా ఛాయాచిత్రకారుడు, నాజీల నిర్బంధ శిబిరాల నుంచి బతికి బయటపడిన మనిషి. చూడడమే వృత్తిగా గల వ్యక్తి ముందుకు వచ్చి ఆ తోటలను కాపాడాడన్న సంగతిని, చూచేవారిని తేలికగా తీసిపారేసేవారు గుర్తుంచుకోవాలి. మమ్మల్ని తిప్పిన పడవ ఆ సంఘానిదే. టిక్కెట్ల మీద వచ్చే సొమ్ముతో వారు కాలువలలో పూడిక తీయిస్తారు, గట్లు కట్టిస్తారు. 2010 నుంచి కళాకారులు, ఉద్యానశిల్పులు పాడుపడిన మడులలో ఏటా తమ రచనలను నిలిపి ప్రదర్శిస్తున్నారు.

అంటే బురద ఎత్తడం ఆగలేదు. కాని ఎత్తే కారణం మారింది. పూర్వం బురద ఎత్తితే పంట పండేది. ఇప్పుడు సందర్శకుడు వస్తే బురద ఎత్తడానికి డబ్బు వస్తుంది. కట్టుబాటు ఒకచోట, లాభం ఒకచోట విడిపోయాయి. విడిపోయిన వాటిని కలిపి ఉంచడానికి సంఘం, టిక్కెట్టు, నియమావళి కావలసి వచ్చాయి.

దీనిని చూచి కొందరు, ఇది బతికిన తోట కాదు, అలంకరించిన బొమ్మ అంటారు. మరికొందరు, అందం నిలిచింది కదా, ఎవరు నిలిపితేనేం అంటారు. నేను మొదట మొదటివారి పక్షమే. పడవలో కూర్చుని, పంట లేని పచ్చికబయళ్ళను, వాటి మధ్య కుర్చీలు వేసుకుని కూర్చున్నవారిని చూచి, ఇదంతా తోటమాలులదే అయి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను. అంతలో ఒక మలుపు దగ్గర, నిజంగా కూరలు పండిస్తున్న మడి ఒకటి వచ్చింది. మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కున్న ఒక వృద్ధుడు గట్టున వంగి, జారిన మన్నును పలకలతో అదిమి నిలబెడుతున్నాడు. మా పడవలో అందరూ కెమెరాలు ఎత్తారు. అతడు తల ఎత్తలేదు. అతడి కొడుకులు ఈ పనిలోకి వస్తారా అని మిత్రుడి చేత పడవ నడిపే యువకుణ్ణి అడిగించాను. అతడు నవ్వి, “మీరైతే వస్తారా?” అన్నాడు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఆ జవాబును మా కుటుంబం ఒక తరం క్రితమే ఇచ్చేసింది. చిత్తూరు జిల్లాలోని మా ఊరిలో, వేసవిలో చెరువు ఎండగానే పూడిక మన్ను తవ్వి ఎద్దుబండ్ల మీద పొలాలకు తోలేవారు. చెరువు మన్ను పడిన చేనికి ఆ ఏడు వేరే ఎరువు అక్కరలేదని మా తాతగారు అనేవారు. చెరువుకు లోతు, చేనికి సత్తువ: అమియెన్స్ తోటమాలి లెక్కే అది. ఆ పద్ధతికి మద్రాసు రాజధాని రెవెన్యూ కాగితాలలో కుడిమరామత్తు అని పేరు. ఊరివారంతా కలసి తమ జలవనరులను తామే బాగుచేసుకునే ఆచారం. ఆ ఆచారం సడలుతున్నదని గమనించిన ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టం చేసింది. ఆచారం ఉన్నచోట చట్టం అక్కర లేదు. ఆచారం పోయినచోట చట్టం దానిని తిరిగి తేలేకపోయింది. మా నాన్నగారు ఉద్యోగానికి పట్నం వచ్చారు. నేను ఆ మన్ను ఒక్క తట్ట కూడా ఎత్తి ఎరుగను.

అయితే ఆ పాత చిత్రాన్ని తలచుకుని మురిసిపోయేముందు మరొక నిజం చెప్పుకోవాలి. బండ్లు మా తాతగారివి. చేను మా తాతగారిది. మండుటెండలో చెరువు గర్భంలో దిగి మన్ను తవ్వినవారు ఊరి వెలుపలి వాడల నుంచి వచ్చినవారు. వారిలో చాలామందికి ఆ మన్ను వేసుకోవడానికి సెంటు భూమి లేదు. పరుల మేలు, తన మేలు ఒకే తట్టలో ఉన్నాయని నేను పైన అన్నాను. మా ఊరిలో ఆ తట్ట మోసినది ఒకరు, మేలు పొందినది ఇంకొకరు. ఊరంతా కలసి అన్న మాటలో ఎవరెవరు ఉన్నారో, ఎవరు ఎక్కువ మోశారో అడగకుండా పాత ఆచారాలను కీర్తించడం న్యాయం కాదు. వారి పిల్లలు ఆ పనిని వదలి చదువులకు, పట్టణాలకు వెళ్ళడం పతనం కాదు. వారికి ఆలస్యంగా అందిన హక్కు.

కనుక ప్రశ్నను మరింత సూటిగా వేసుకోవాలి. ఒక పాత జీవనవిధానాన్ని ప్రేమించేవాడు, దానిని జీవిస్తున్నవారిని ఏమి అడగవచ్చు? వారి పిల్లలను మాత్రం అడగకూడదు. మన కంటికి ఇంపుగా ఉంటుందని మరొకరి బిడ్డ బురదలో ఉండిపోవాలని కోరడం, ఎంత సంస్కృతీ ప్రేమతో కోరినా, స్వార్థమే. ఇంత వరకు నాకు సందేహం లేదు. కాని ఇక్కడే ఆగిపోతే, పోయేది పోనిమ్మని చేతులు దులుపుకోవడమవుతుంది. ఉండాలో వెళ్ళాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ వారిది. ఉండదలచినవారికి ఉండడం సాధ్యమయ్యేట్టు చూడడం మన బాధ్యత. ఎవరూ ఉండలేని పరిస్థితులు కల్పించి, వారంతట వారే వెళ్ళిపోయారనడం స్వేచ్ఛను గౌరవించడం కాదు.

ఆ బాధ్యతలో మూడు భాగాలు ఉన్నాయనుకుంటాను. మొదటిది ధర. పొలంలోని పంటను మెచ్చుకుని సంతలో ఇంకొకచోటి సరుకు కొనేవాడు, మెచ్చుకున్నదానిని నిలబెట్టడం లేదు. రెండవది నేల మీద భరోసా. నగరం పక్కన ఉన్న తోట విలువ పంటను బట్టి కాక, రేపు అక్కడ లేవబోయే కట్టడాన్ని బట్టి లెక్కింపబడుతున్నంత కాలం, తోటమాలి ఎంత కష్టపడినా ఆ లెక్కలో ఓడిపోతాడు. 1975లో అమియెన్స్‌లో జరిగిన పోరాటం ఈ భరోసా కోసమే. మూడవది బురద. ఉమ్మడి కాలువలో చేరిన పూడికను తీసే ఖర్చులో, ఆ కాలువ వల్ల సంతోషం పొందేవారందరికీ భాగం ఉండాలి. ఈ దృష్టితో చూస్తే నేను కొన్న పడవ టిక్కెట్టు వినోదానికి చెల్లించిన ధర మాత్రమే అనిపించదు. నా వంతు బురదను ఇంకొకరి చేత ఎత్తించిన కూలి అది. బొమ్మ అని ఆక్షేపించిన నా మొదటి అభిప్రాయాన్ని అక్కడ సవరించుకున్నాను.

విడిపోయిన లాభాన్ని, కట్టుబాటును మళ్ళీ కొంతవరకు కలపడం అసాధ్యమేమీ కాదు. 2015లో తెలంగాణలో చెరువుల పునరుద్ధరణకు మిషన్ కాకతీయ పథకం చేపట్టినప్పుడు, పూడికను ప్రభుత్వం ఖర్చుతో తవ్వించింది. ఆ మట్టిని రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. తవ్వే యంత్రం మండుటెండలో మనిషి నడుము వంచనక్కరలేకుండా చేసింది. పాత ఆచారంలోని వివేకాన్ని ఉంచుకుని, అందులోని వెట్టిని వదిలివేయవచ్చునన్న సూచన ఈ ఏర్పాటులో ఉంది. అమలులో ఎక్కడెక్కడ ఎంత ఫలించిందన్నది వేరే చర్చ. ఆలోచన మాత్రం సరైనది.

మన దేశంలో ఈ ప్రశ్నకు రెండవ ముఖం కూడా ఉన్నది. కలకత్తా నగరానికి తూర్పున, మురుగునీటి కాలువల వెంబడి, ధాపా ప్రాంతపు కూరతోటలు, వాటికి ఆవల చేపల చెరువులు ఉన్నాయి. నగరం పారవేసిన చెత్త కుళ్ళి ఎరువైన నేల మీద కాలీఫ్లవరు, మొక్కజొన్న, ఆకుకూరలు పండిస్తారు. నగరపు మురుగునీరు ఎండలో, చెరువులలో శుద్ధి అయి చేపలకు మేత అవుతుంది. ధ్రువజ్యోతి ఘోష్ అనే రాష్ట్ర ప్రభుత్వ ఇంజనీరు 1980లలో, నగరపు మురుగు చివరకు ఎక్కడికి పోతున్నదో వెతుక్కుంటూ వెళ్ళి, ఈ రైతుల, మత్స్యకారుల విజ్ఞానాన్ని లోకానికి తెలియజెప్పాడు. 2018లో మరణించేవరకు ఆ నేల కోసమే శ్రమించాడు. 12,500 హెక్టార్ల ఆ ప్రాంతం 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందింది. అమియెన్స్‌లో చూచేవారు ఎక్కువ, చేసేవారు తక్కువ. కలకత్తాలో చేసేవారు వేల సంఖ్యలో ఉన్నారు. చూడడానికి వెళ్ళేవారు బహు కొద్దిమంది. అక్కడ విల్లో చెట్లు లేవు, శిఖరం కనిపించే మలుపు లేదు. దుర్గంధం ఉంది. నగరం అన్నంలోకి వచ్చే కూర, చేప అక్కడి నుంచి వస్తున్నా, ఆ నేల మీద కట్టడాల ఒత్తిడి పెరుగుతూనే ఉంది.

అందంగా ఉన్నది గనుక కాపాడాలన్న వాదం ఇక్కడ చాలదు. అమియెన్స్ తోటలు ఇప్పటి అందాన్ని పొందకముందు, అవి కూడా బురద వాసన వేసే పనిస్థలాలే. వాటిని ఆ రోజులలో చూడడానికి వెళ్ళినవాడెవడైనా ముక్కు మూసుకునే ఉంటాడు. పని పోయి అందం మిగిలిన తరువాత వారసత్వమని పలక తగిలించడం సులభం. పని ఇంకా జరుగుతున్నప్పుడు, అది అందంగా లేనప్పుడు, దానిని వారసత్వంగా గుర్తించడానికే వివేకం కావాలి. ఒక స్థలాన్ని రక్షిత జాబితాలో చేర్చే దస్త్రం మీద సంతకం చేసే అధికారి, దాని ప్రాచీనతను, విస్తీర్ణాన్ని విచారించడంతోపాటు, వచ్చే వేసవిలో ఇక్కడ బురద ఎవరు ఎత్తుతారు, వారికి ఏమి ముడుతుంది అని కూడా విచారించాలి. ఆ ప్రశ్నకు దస్త్రంలో సమాధానం లేకపోతే, రక్షించబడేది పలక మాత్రమే.

పడవ దిగి బసకు తిరిగి వెళ్తూ ఉదయం సంత జరిగిన చోటికి వెళ్ళాను. బల్లలు ఎత్తివేశారు. నేల కడిగారు. ఎర్ర ముల్లంగిని కడుక్కుని ఉప్పు అద్దుకుని పచ్చిదే తినవచ్చునని మిత్రుడు అప్పుడు చెప్పాడు. వంట అక్కరలేదు, పాత్ర అక్కరలేదు. యాత్రికుడు కూడా కొనదగిన కూర అది. ఉదయం ఆమె అడిగిన మాట నాకు గుర్తుకు వచ్చింది. ఆమె మర్యాదకు అడగలేదు, ఆమె బతుకుతెరువు గనుక అడిగింది. ఊరికే చూస్తున్నామన్న మా జవాబు అబద్ధం కాదు. కాని మడి నుంచి బల్ల దాకా అంత శ్రమ జరిగినచోట ‘ఊరికే’ చూడడమన్నది ఉండదని తెలుసుకునేసరికి సంత ముగిసింది.